టీ ముందా, సరుకు ముందా

మిర్చి ఎగుమతి కంపెనీలో క్వాలిటీ చూసే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఈ మధ్య మా ఇంటికి వచ్చింది. అగ్రికల్చర్ చదివింది. చేతిలో నోటు పుస్తకం, కొత్త పెన్ను. "సార్, మీరు ఇరవై ఎనిమిదేళ్ళు ఈ పని చేశారట కదా. ముందుగా ఏం నేర్చుకోవాలో చెప్పండి" అంది.

"టీ చెప్పడం నేర్చుకోమ్మా" అన్నాను.

పెద్దాయన వేళాకోళం ఆడుతున్నాడనుకుని నవ్వేసింది. పెన్ను మూత కూడా తియ్యలేదు. ఆ రోజు మర్యాదకి నేనూ నవ్వి, కాయలో తేమ గురించీ రంగు గురించీ ఏవో నాలుగు మాటలు చెప్పి పంపాను గానీ, ఆమె వెళ్ళాక మనసు ఊరుకోలేదు. తేమ, రంగు, ఘాటు ల్యాబులో ఎవరైనా నేర్పుతారు. టీ సంగతి ఎవరూ నేర్పరు. ఆ అమ్మాయి కోసం, ఆమె వెనకాల వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు షేక్ మస్తాన్ వలి. ఊరు గుంటూరు. మా నాన్న మిర్చి యార్డులో కాటా వేసేవాడు. నేను అదే యార్డులో కాయ చూసే పనిలో చేరి, తర్వాత మేం పంపిన సరుకు వెనకాలే కొలంబో, చిట్టగాంగ్, దుబాయ్, పెనాంగ్ తిరిగాను. ఏ ఊళ్ళోనూ చూడాల్సినవి చూడలేదు. గోడౌను, దాని ఎదురుగా ఉన్న టీ కొట్టు, అంతవరకే నా విదేశయానం. కానీ ఆ నాలుగు ఊళ్ళలోనూ పంచదార లేని టీ తెప్పించుకోగలను. ఈ మాట మా ఆవిడ దగ్గర అంటే, "నాలుగు దేశాల టీ తాగొచ్చి నా టీకి వంకలు పెడుతున్నారు" అంటుంది. అదీ నిజమే.

సాంబశివరావు గారి రూలు

మా మేనేజరు సాంబశివరావు గారు పొద్దున్నే తెల్ల చొక్కాతో మిర్చి యార్డుకు వచ్చి, సాయంత్రం అదే తెల్లదనంతో ఇంటికి వెళ్ళగలిగిన మనిషి. అది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు. మెచ్చుకోలు మాట ఆయన నోట నేను వినలేదు. తప్పు చేస్తే అరవరు కూడా. కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, అంతే. దానికే మాకు చెమటలు పట్టేవి.

నేను చేరిన మొదటి రోజే ఒక కొట్లో సరుకు చూడటానికి తీసుకెళ్ళారు. కొట్టు యజమాని టీ తెప్పించాడు. సీజను మధ్యలో యార్డులో గాలి పీలిస్తేనే గొంతు మండుతుంది. తుమ్ములతో మనిషి సగమైపోతాడు. అలాంటప్పుడు వేడి టీ కనిపిస్తే ఎవడు వద్దంటాడు? గ్లాసు అందుకున్నాను. సాంబశివరావు గారు నా చేతిలోంచి ఆ గ్లాసు మెల్లగా తీసి ట్రేలో పెట్టేశారు. "ముందు కాయ. తర్వాత టీ" అన్నారు.

బయటికి వచ్చాక కారణం చెప్పారు. "వాడి టీ తాగిన నోటితో వాడి కాయ నెమ్ముగా ఉందని అనలేవు. మొహమాటం అడ్డొస్తుంది. సరుకు తేలేదాకా ఎవరి టీ తాగకు, మస్తాన్."

ఇది ఆయన ఒక్కరి రూలు కాదని తర్వాత తెలిసింది. మా యార్డులో పాత తరం వాళ్ళందరికీ ఇదే లెక్క. సరుకు చూసేవాడు గ్లాసు ఎత్తాడంటే ఒప్పుకున్నట్టే. నోటితో సరే అనక్కర్లేదు. దూరం నుంచి చూసినవాడు కూడా "వాళ్ళది తేలిపోయింది" అనుకుని వెళ్ళిపోతాడు. టీ వద్దంటే ఎవరూ తప్పుపట్టరు. పనిమీద ఉన్నాడని గౌరవిస్తారు.

ఆ రూలు నేను పద్ధతిగా పాటించాను. ఒక్కసారి తప్పాను. అసలు కథ అదే, వస్తున్నా.

నాలుగు ఊళ్ళలో పంచదార వద్దనడం

నలభై రెండో ఏట నాకు షుగరు వచ్చింది. అప్పటికి టీ మీద ఒకే ఆంక్ష ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి. గుంటూరులో ఇబ్బంది లేదు. యార్డు గేటు ముందు కొట్టువాడు నన్ను దూరం నుంచి చూసే "పంచదార లేకుండా ఒకటి" అని అరిచేవాడు. నా జబ్బు యార్డంతటికీ తెలిసింది ఆ అరుపుతోనే. విదేశాలకు వెళ్ళడం మొదలుపెట్టాక అసలు తంటా వచ్చింది.

కొలంబోలో టీ అంటే పాలు పోసినది ఇస్తారు. పాలు లేనిది కావాలంటే "ప్లెయిన్ టీ" అనాలి. నేను తెలివిగా ప్లెయిన్ టీ అని, పంచదార వద్దని చేతులు ఊపి చెప్పాను. అతను ఎంతో బాగా అర్థమైనట్టు తలాడించి, నల్లటి టీ, పక్కన సాసర్లో ఒక పెద్ద బెల్లం ముక్క పెట్టి తెచ్చాడు. అక్కడ బెల్లం కొరుకుతూ టీ తాగుతారు. పంచదార వద్దన్నావు, వెయ్యలేదు, ఇది బెల్లం కదా అని అతని మొహంలో తృప్తి. చిన్నబుచ్చలేక ఆ ముక్క జేబులో వేసుకుని వచ్చాను. హోటల్‌కి వెళ్ళేసరికి జేబంతా చీమలు.

దుబాయ్‌లో పాలు లేని టీని సులేమానీ అంటారు. మా మేనమామ పేరు సులేమాన్. దినుసుల బజార్లో కూర్చుంటే ప్రతి పది నిమిషాలకూ ఎవరో ఒకరు "రెండు సులేమానీ", "ఒక సులేమానీ, నిమ్మకాయ ఎక్కువ" అని అరిచేవాళ్ళు. మా మామ నిమ్మకాయ పిండించుకుని ఎదురుగా నిలబడ్డట్టు ఉండేది నాకు. గుంటూరు వచ్చి ఆయనకు చెబితే, "నేను అంత పుల్లగా ఉంటానా రా?" అని రెండు రోజులు మాట్లాడలేదు.

చిట్టగాంగ్‌లో పాలు లేని టీ పేరు "రొంగ్ చా". రొంగ్ అంటే రంగు. రంగు టీ! బతుకంతా మిర్చికాయ రంగు చూసి పొట్ట పోసుకున్నవాడికి అంతకన్నా మంచి పేరు ఏముంటుంది? అక్కడ మొదటి గ్లాసు రాగానే అలవాటు కొద్దీ వెలుతురులో పెట్టి రంగు చూశాను. కొట్టువాడు ఏమైనా పడిందేమోనని కంగారుపడి గ్లాసు మార్చి తెచ్చాడు.

మలేషియాలోని పెనాంగ్‌లో మాత్రం టీ చెప్పడం పరీక్ష రాయడమే. వట్టి "తే" అంటే పాలు, పంచదార రెండూ వేసి ఇస్తారు. "కొసోంగ్" అంటే ఖాళీ. అది కలిపి "తే కొసోంగ్" అంటే పంచదార వెయ్యరు. అయినా తియ్యగానే ఉంది! వాళ్ళు పోసే డబ్బా పాలే తియ్యనివి. ఆ పాలు కూడా వద్దంటే మధ్యలో "ఓ" చేర్చాలి. ఓ అంటే నలుపట. "తే ఓ కొసోంగ్". అప్పుడు గానీ నాలాంటివాడు తాగే టీ రాదు. చివర "సాతు" అంటే ఒకటి. కొసోంగ్ మలయా మాట, ఓ చైనా వాళ్ళ మాట. ఇక తెచ్చే మనిషిని చైనావాళ్ళూ మలయావాళ్ళూ అందరూ పిలిచేది "అణ్ణే" అని తమిళంలో, అంటే అన్నా అని. ఒక్క గ్లాసు టీకి మూడు భాషలు.

అంత కష్టపడి కొసోంగ్ నేర్చుకుని హోటల్‌కి వెళితే, కౌంటరు దగ్గర అమ్మాయి నా గది తాళం ఇస్తూ మూడు వందల అయిదును "తిగా కొసోంగ్ లిమా" అంది. గదిలో కూడా పంచదార ఉండదా అనుకున్నాను. వాళ్ళకు సున్నా కూడా కొసోంగేనట.

పార్సిల్ మాత్రం మన గుంటూరు పార్సిలే. వేడి టీ పాలిథిన్ కవర్లో పోసి మూతి కట్టి ఇస్తారు. కాకపోతే స్ట్రా ఒకటి గుచ్చి, వేలికి తగిలించుకోవడానికి తాడు వదులుతారు. దాన్ని చూసినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఎందుకంటే పెనాంగ్‌కి నేను టీ తాగడానికి వెళ్ళలేదు. తలవంచుకుని వెళ్ళాను.

కోటయ్య బాబాయ్ ఫ్లాస్కు

తొంభైల చివర్లో సంగతి. పొదిలి వైపు నుంచి కోటయ్య అనే పెద్ద రైతు ఏటా మాకు సరుకు ఇచ్చేవాడు. తన కాయతో పాటు చుట్టుపక్కల నాలుగైదు కుటుంబాల కాయ కూడా తనే లారీలో వేసుకుని వచ్చేవాడు. మా నాన్న కాటా వేసే రోజుల నుంచి ఎరుగుదును. నాకు బాబాయ్.

ఆ ఏడు మా సరుకు పెనాంగ్‌లో మసాలా మిల్లు నడిపే చువా గారికి వెళ్ళాలి. ఆయనకు అదే మా మొదటి కంటైనరు. కోటయ్య బాబాయ్ టిక్కీలు గోడౌన్లో గోడ దాకా వరసలుగా పేర్చి ఉన్నాయి. మిర్చి బస్తాను మేం టిక్కీ అంటాం. నేను లోపలికి అడుగు పెట్టగానే బాబాయ్ సంచిలోంచి ఒక ఫ్లాస్కు తీశాడు.

"ఏరా మస్తానూ, నీకు షుగరంట గదా. మీ పిన్ని తెల్లారుజామునే లేచి కాసింది. చెంచా పంచదార కూడా ఎయ్యలా. తాగు."

పొదిలి నుంచి గుంటూరు దాకా లారీలో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. నాకు షుగరు వచ్చిందని జాలిపడ్డవాళ్ళు ఉన్నారు, నవ్వినవాళ్ళు ఉన్నారు. నాకోసం టీ వేరేగా కాసి పంపినవాళ్ళు అప్పటిదాకా లేరు. సరుకు తేలాక తాగుతాను బాబాయ్ అనాలి. నోరు రాలేదు. తాగాను.

తర్వాత ముందు వరసలో టిక్కీలు కోసి చూశాను. కాయ బ్రహ్మాండంగా ఉంది. ఊపితే లోపల గింజ గలగలమంది, వంచితే పుటుక్కున విరిగింది. ఇక గోడవైపు వరస దించి చూడాలి. హమాలీలు భోజనానికి వెళ్ళారు. బాబాయ్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. పిన్ని కాసిన టీ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. నిన్ను నమ్మను, వెనకవి కూడా దింపించు అని ఆయన మొహం మీద ఎలా అనను? "బాగుంది బాబాయ్" అని సంతకం పెట్టేశాను.

కోటయ్య బాబాయ్ మోసగాడు కాదు. ఇది ఇక్కడే స్పష్టంగా రాస్తున్నాను. బాగా ఎండిన కాయ టిక్కీలో తొక్కేటప్పుడు విరిగిపోకుండా కాస్త నీళ్ళు చిలకరిస్తారు. అందరూ చేసే పనే. ఆ వెనక వరస టిక్కీల్లో ఎవరో చెయ్యి జారి ఎక్కువ చిలకరించారు. దాన్ని పట్టుకోవడానికే నాకు జీతం ఇచ్చేది.

రెండు నెలలకు పెనాంగ్ నుంచి ఫ్యాక్స్ వచ్చింది. కొన్ని టిక్కీల్లో బూజు. కంటైనరు మొత్తం వెనక్కి పంపేస్తాం అని.

సాంబశివరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు పాస్ చేసిన సరుకు. నువ్వే వెళ్ళి చూసిరా. అది సముద్రం దాటి వెనక్కి వస్తే మాత్రం, నువ్వు మళ్ళీ యార్డులో శాంపిల్ పట్టక్కర్లేదు" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. అందుకే భయం వేసింది. కాయ చూడటం తప్ప నాకు వేరే పని రాదు.

తెరవని గోడౌను

చువా గారికి అరవై దాటి ఉంటాయి. చేతుల్లేని బనీను, మోకాళ్ళ దాకా నిక్కరు, చేతిలో తాళాల గుత్తి. ఇంగ్లీషు నాకన్నా తక్కువ. వెళ్ళగానే మిల్లు ఎదురుగా ఉన్న టీ కొట్టుకు తీసుకెళ్ళి కూర్చోబెట్టి "ఏం తాగుతావు?" అన్నాడు.

"వద్దండీ. ముందు సరుకు చూద్దాం" అన్నాను. మనసులో సాంబశివరావు గారు కనపడుతున్నారు. ఒకసారి తప్పి ఇంతదాకా తెచ్చుకున్నాను, మళ్ళీ తప్పుతానా?

ఆయన తన కాఫీ తాగేసి, లేచి మిల్లులోకి వెళ్ళిపోయాడు. గోడౌను తెరవలేదు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాను. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ అదే జవాబు. మళ్ళీ గోడౌను తెరవలేదు. తాళాలు ఎక్కడో పెట్టానన్నాడు. నడుముకే వేలాడుతున్నాయి!

నాకు అనుమానం మొదలైంది. బూజూ లేదు, గీజూ లేదు, ఈ ముసలాయన మనల్ని లొంగదీసుకోవడానికి నాటకం ఆడుతున్నాడు అనుకున్నాను. మనం తప్పు చేసినప్పుడు ఎదుటివాడే దొంగ అనిపించడం చాలా హాయిగా ఉంటుంది. ఆ రెండు రోజులూ నేను అలా హాయిగానే ఉన్నాను. ఆయన లేనప్పుడు కొట్టుకు వెళ్ళి టీ పాఠాలు నేర్చుకున్నాను. పైన రాసిన తే, ఓ, కొసోంగ్ అంతా ఆ రెండు రోజుల చదువే.

టీ తెచ్చే అణ్ణే పేరు కాదర్. తాతల నాడు తమిళ దేశం నుంచి వెళ్ళినవాళ్ళు. ఒకే మతం వాళ్ళం కదా అని నేను ఉర్దూ మొదలుపెడితే అతనికి ఒక్క ముక్క రాదు. నాకూ అంతంత మాత్రమే. సలాం ఒక్కటే కలిసింది. మిగతాదంతా అతని తమిళం, నా తెలుగు, మధ్యలో ఇరుక్కున్న ఇంగ్లీషు.

మూడో రోజు పొద్దున నా ముందు తే ఓ కొసోంగ్ పెట్టి, కాదర్ కూడా ఎదురుగా కూర్చున్నాడు. "నువ్వు మా ముసలాయనతో గొడవకి వచ్చావా?" అన్నాడు.

"లేదే. సరుకు చూడటానికి వచ్చాను."

"మరి ఆయన రెండు రోజులు అడిగితే తాగలేదు. ఇక్కడ ఏం తాగుతావు అంటే దాహం గురించి అడిగినట్టు కాదు. కూర్చుని మాట్లాడదామా అని అడిగినట్టు. వద్దన్నావంటే మాటల్లేవు, తగువే అని. ఆయన లాయరుతో మాట్లాడుతున్నాడు తెలుసా? రేపు కంటైనరు ఓడ ఎక్కించేస్తాడు."

గ్లాసు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. మా ఊళ్ళో టీ తాగితే ఒప్పుకున్నట్టు. ఈ ఊళ్ళో తాగకపోతే తగువుకు వచ్చినట్టు. నేను పద్ధతి అనుకుని చేసిన పని ఆయనకు రెండు రోజులుగా తిట్టులా తగులుతోంది.

తప్పు కుర్చీ

కాదర్ లేచి వెళ్ళాక అక్కడే కూర్చున్నాను. ఇంకో సంగతి తట్టింది. అది తట్టాక సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సరుకు తేలేదాకా టీ తాగకూడదన్నది ఎవరికి? సరుకు చూసేవాడికి. పెనాంగ్‌లో సరుకు చూసేవాడు నేను కాదు. చువా గారు. అమ్మినవాణ్ణి నేను, తప్పు నాది. ఆ రూలు ప్రకారం నా టీ వద్దనాల్సినవాడు ఆయన. అలాంటిది ఆయనే నాకు టీ ఇస్తానంటే, నేను పరీక్ష చేసే పెద్దమనిషిలా వద్దని కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చుని, వేరే కుర్చీలోకి వచ్చానని కూడా తెలియలేదు.

చువా గారు ఎప్పటిలాగే తొమ్మిదింటికి వచ్చాడు. ఈసారి ఆయన అడగకముందే నేను లేచి నిలబడి, కొట్టు అంతా వినిపించేలా అరిచాను. "అణ్ణే! తే ఓ కొసోంగ్ సాతు, కొపి ఓ కొసోంగ్ సాతు!" కొపి అంటే కాఫీ. రెండు రోజులుగా ఆయన తాగేది చూస్తూనే ఉన్నాను. పాలూ పంచదారా లేని నల్లటి కాఫీ.

ఆయన కుర్చీ లాక్కుంటూ ఆగిపోయాడు. "నువ్వూ కొసోంగా?" అన్నాడు. నేను వేలి చివర సూది గుచ్చుకున్నట్టు చూపించాను. ఆయన తన వేలు చూపించాడు. సూది గుర్తులు. "ఎన్నేళ్ళు?" "అయిదు. మీకు?" "పదిహేను." అని, ఏదో పందెం గెలిచినవాడిలా నవ్వాడు.

గ్లాసులు వచ్చాయి. నేను తాగలేదు. ఆయన మొహం మళ్ళీ ముడుచుకుంది. "తాగుతాను. కానీ ముందు ఒక మాట చెప్పాలి. చెప్పాక కూడా మీరు తాగమంటేనే తాగుతాను" అన్నాను.

చెప్పేశాను. కోటయ్య బాబాయ్ ఫ్లాస్కు, పిన్ని కాసిన టీ, దించని వెనక వరస, అంతా. నా ఇంగ్లీషులో ఫ్లాస్కుకూ మొహమాటానికీ మధ్య ఎక్కడో దారి తప్పాను. మొహమాటానికి ఇంగ్లీషులో మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. చేతులతో, మొహంతో చూపించాను. "బూజు ఉందని మీరు అంటున్నారు. చూడకుండానే ఒప్పుకుంటున్నాను. తప్పు రైతుది కాదు, ఓడది కాదు. నాది" అన్నాను.

కంటైనరు వెనక్కి వెళితే చువా గారికేం నష్టం లేదు. నాకు మాత్రం గుంటూరులో మొహం చెల్లదు. ఆయన నిక్కరుకు వేలాడే తాళాల గుత్తి విప్పి, నా గ్లాసు పక్కన పెట్టాడు.

"తాగు. తర్వాత నువ్వే తెరువు" అన్నాడు.

లోపలి వరస

గోడౌను తెరిచి చూస్తే ఆయన రాసింది అక్షరాలా నిజం. ముందు టిక్కీలు నిక్షేపంగా ఉన్నాయి. కోటయ్య బాబాయ్ వెనక వరసవి పట్టుకుంటేనే చేతికి మెత్తగా తగిలాయి. కోస్తే బూజు వాసన గుప్పుమంది.

అయిదు రోజులు అక్కడే ఉన్నాను. మిల్లు పనివాళ్ళతో కలిసి ప్రతి టిక్కీ కోసి, కాయ విడివిడిగా ఏరాం. బూజు పట్టినది ఒక్కటి కూడా మిల్లులోకి వెళ్ళకుండా పారబోయించాను. నెమ్మెక్కినది మిద్దె మీద పట్టాలు పరిచి, మన కల్లంలో ఎండబెట్టినట్టు తిరగేస్తూ ఎండబెట్టాం. చువా గారు కూడా పక్కన కూర్చుని ఏరేవాడు. తుమ్ము వచ్చినప్పుడల్లా నా వంక చూసి "గుంటూరు!" అనేవాడు. పదకొండింటికీ నాలుగింటికీ కాదర్ కవర్లలో టీ, కాఫీ తాడు పట్టుకుని మెట్లెక్కి తెచ్చేవాడు. చివరికి మంచి సరుకంతా చువా గారు ఉంచుకున్నాడు. కంటైనరు వెనక్కి రాలేదు.

టెలిఫోన్ బూత్ నుంచి సాంబశివరావు గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. టీ సంగతి కూడా. అది ఆయనకు తెలియదు, అప్పటిదాకా దాచాను. అవతల ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారని ఇక్కడికి కనిపించింది.

"పంచదార లేకుండా కాసి తెచ్చాడా?" అన్నారు.

"అవునండి."

"పొదిలి నుంచా?"

"అవునండి."

"ఆ టీ నేనైనా తాగేవాణ్ణే మస్తాన్. కానీ లోపలి వరస దింపించేవాణ్ణి" అని ఫోన్ పెట్టేశారు.

అమ్మాయ్, నువ్వు నోటు పుస్తకంలో రాసుకోవాలనుకుంటే ఆ ఒక్క మాట రాసుకో. రూలు టీ గురించి కాదు. టీ తాగాక కూడా అడగాల్సింది అడగగలవా అన్నదాని గురించి. అంత గట్టివాణ్ణి కాదని నాకు తెలుసు కాబట్టి, నేను ఆ తర్వాత కూడా సరుకు తేలాకే తాగాను. అయితే బయటి ఊళ్ళకు వెళ్ళినప్పుడు మాత్రం, అక్కడ గ్లాసు ఎత్తడం అంటే ఏమిటో ముందు కొట్టువాణ్ణి అడిగేవాణ్ణి. టీ పేరు నేర్చుకోవడం ఎలాగూ తప్పదు, ఆ ముక్క కూడా అదే రోజు నేర్చుకుంటే మేలు.

ఇక కోటయ్య బాబాయ్. తిరిగొచ్చాక పొదిలి వెళ్ళి జరిగింది చెప్పాను. "తప్పు నాదే బాబాయ్, నేను చూడాల్సింది" అన్నాను. లోపల నుంచి పిన్ని బయటికి రాలేదు. ఆ రోజు ఆ ఇంట్లో నాకు ఎవరూ టీ ఇవ్వలేదు. బస్సులో వస్తూ ఏడ్చినంత పని చేశాను. కంటైనరు నిలబడింది గానీ మనిషి పోయాడనుకున్నాను.

తర్వాత సీజనుకు బాబాయ్ సరుకు మాకు రాలేదు. ఆ పై ఏడు వచ్చింది. అదే నెలలో చువా గారు యార్డు చూడాలని గుంటూరు వచ్చి ఉన్నాడు. ఇద్దరం గోడౌనుకు వెళ్ళేసరికి బాబాయ్ మాకన్నా ముందే అక్కడ ఉన్నాడు. నన్ను పలకరించలేదు. హమాలీల వైపు తిరిగి, "ఒరేయ్, గోడ దగ్గరవి దింపండ్రా ముందు. అబ్బాయి చూడాల" అని అరిచాడు.

మొత్తం దింపించాడు. గోడకు ఆనించిన ఆఖరి వరస దాకా. రేకుల షెడ్డు కింద వేడికి ఒళ్ళు కాలిపోతోంది. నేను ప్రతి వరసలోంచీ కాయ తీసి ఊపాను, వంచాను, విరిచాను. చువా గారు కూడా వంగి విరిచి చూశాడు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ బాబాయ్ స్తంభానికి ఆనుకుని నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన చంకలో ఏదో ఉందని చూశాను గానీ, ఏమిటో పట్టించుకోలేదు.

ఆఖరి టిక్కీ కోసి, కాయ విరిచి, చేతులు దులుపుకుని లేచాను.

"తేలిందా?" అన్నాడు బాబాయ్.

"తేలింది బాబాయ్."

"అయితే పట్టు" అని, చంకలోంచి ఫ్లాస్కు తీసి మూత తిప్పాడు. "నీళ్ళలా ఉందంటే మాత్రం మీ పిన్నితో నువ్వే చెప్పుకో. పంచదార ఎయ్యలా."